సుక్కను సాగనంపిన రోజు: మన కుక్కల చరిత్ర

పోయిన చలికాలంలో ఒకనాడు, ఇంకా మసక చీకటి ఉండగానే వాచ్‌మన్ వచ్చి తలుపు తట్టాడు. "మేడమ్, సుక్క పోయింది" అన్నాడు. వెళ్లి చూశాం. వంటగది వెనక కట్టెల షెడ్డులో, చిరిగిన బియ్యం సంచి మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఆ క్షణాన మా నోటి నుంచి వచ్చిన మాట రాయాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. "పిల్లలు లేవకముందే తీసుకెళ్లి వాగవతల పడేసి రండి" అన్నాం.

ఆ మాట వెనక చెడ్డ ఉద్దేశం లేదు. నూటికి పైగా ఆడపిల్లలున్న గిరిజన వసతిగృహం మాది. పొద్దున్నే ఏడుపులు మొదలైతే స్నానాలు ఆగుతాయి, టిఫిన్ ఆగుతుంది, బడికి ఆలస్యమవుతుంది. వార్డెన్ బుర్ర అలాగే పనిచేస్తుంది. కానీ వాచ్‌మన్ కదల్లేదు. ఆయన చెంచు పెంటలో పుట్టి పెరిగిన మనిషి. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "పదకొండేండ్లు మన బువ్వ తిన్నది మేడమ్. మనకు కావలున్నది. పడేసుడు నాతోని కాదు" అన్నాడు.

పిల్లలు లేచారు, చూశారు, ఏడ్చారు. బడికి ఆలస్యమైంది కూడా. ఆ ఏడుపుల మధ్యనే ఆరో తరగతి పిల్ల ఒకతి మమ్మల్ని అడిగింది. "మేడమ్, రాజులకు చరిత్ర ఉంటది కదా. కుక్కలకు ఉంటదా?" బీఈడీలో సాంఘికశాస్త్రం బోధించే పద్ధతులన్నీ చదివిన మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు స్టడీ అవర్ అయిపోయాక పిల్లలతో కలిసి వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. మన సంఘం సంచికలో రావడం దీనికి తగునని అనుకున్నాం. ఎందుకంటే కుక్కల చరిత్ర వెతికితే మన చరిత్రే దొరికింది.

సుక్క ఎవరు

నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న నల్ల కుక్క. మచ్చను బట్టి సుక్క. ఒకటో తరగతిలో చేరడానికి పెంట నుంచి తండ్రి వెంట నడిచి వచ్చిన ఒక చెంచు పిల్ల వెనక అదీ వచ్చింది. తండ్రి సాయంత్రం తిరిగి పోతూ పిలిస్తే పోలేదు. తాడు కట్టి తీసుకెళ్తే రెండో రోజు తెగిన తాడుతో తిరిగొచ్చింది. ఆ పిల్ల అప్పటిదాకా అన్నం ముట్టలేదు. కుక్క వచ్చాక తిన్నది. మేము కాదనలేకపోయాం.

ఆ పిల్ల పదో తరగతి పూర్తి చేసి పట్నంలో చదువుకోవడానికి వెళ్లింది. సుక్క మాత్రం మాతోనే ఉండిపోయింది. కొత్తగా చేరిన చిన్నపిల్లలు రాత్రి బాత్రూముకు వెళ్లడానికి భయపడితే అది లేచి వెంట నడిచేది. పాము కనిపిస్తే ఒక రకంగా, కొత్త మనిషి వస్తే ఇంకో రకంగా మొరిగేది. ఆ తేడా వంటమ్మకు, కామాటికి, మాకు అందరికీ తెలుసు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు "ఆడపిల్లల హాస్టల్లో కుక్కేంటి?" అన్నారు. ఆ మాట తప్పు కాదు. ఎవరినైనా కరిస్తే బాధ్యత మాదే. మేము భయపడి, సరుకుల ఆటోలో సుక్కను ఇరవై కిలోమీటర్ల అవతల సంతలో దింపి రమ్మన్నాం. పిల్లలకు చెప్పలేదు. నాలుగో రోజు అరిపాదాలు చీలి, కుంటుకుంటూ తిరిగొచ్చింది. గేటు దగ్గర మమ్మల్ని చూసి తోక ఊపింది. ఆ తోక ఊపడం మాకు ఏ మెమో కన్నా గట్టిగా తగిలింది. మర్నాడే పశువైద్యశాలకు తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు తేదీ అడిగాం. టీకా కార్డు మా ఆఫీసు బీరువాలో పెట్టాం.

ఎంత వెనక్కి పోతే అంత దగ్గర

కుక్కలకు చరిత్ర ఉంటదా? ఉంది. మన నాగలి కన్నా, మన ఆవు కన్నా పాతది. మనిషి మచ్చిక చేసుకున్న జంతువుల్లో మొదటిది కుక్కే. వ్యవసాయం ఇంకా పుట్టకముందే, వేటాడి దుంపలు తవ్వుకుని బతికే రోజుల్లోనే తోడేళ్ల సంతతి మనిషి నిప్పు దగ్గరికి చేరింది. అంటే కుక్కను మొదట ఇంటిదాన్ని చేసుకున్నది రాజులూ కాదు, రైతులూ కాదు. మన పెద్దల్లా అడవిలో బతికినవాళ్లు.

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ల క్వారీలో పనివాళ్లకు ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఒక కుక్క. దాదాపు 14,000 ఏళ్ల నాటిది. ఆ కుక్క ఏడాది కూడా నిండని కూన. దాని పళ్లను ఇటీవల పరీక్షించిన శాస్త్రవేత్తలు అది చిన్నతనంలో డిస్టెంపర్ అనే జబ్బుతో వారాల తరబడి బాధపడిందని తేల్చారు. ఆ జబ్బు వచ్చిన కూన ఎవరూ తినిపించి, తాగించి, శుభ్రం చేయకపోతే అన్నాళ్లు బతకదు. వేటకు పనికిరాని జబ్బు కూనకు ఎవరో సేవ చేశారన్నమాట.

ఈ సంగతి చదివి వినిపిస్తే పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. కారణం ఉంది. ఆపరేషన్‌కు ముందు సుక్క ఒకసారి ఈనింది. ఆ నాలుగు కూనలకూ అదే జబ్బు వచ్చింది. కళ్ల పుసులు, ముక్కు కారడం, తర్వాత వణుకు. మా పిల్లలు ఇంకు ఫిల్లర్‌తో గంజినీళ్లు పోశారు. ఒక్కటీ దక్కలేదు. "వాళ్లు కూడా మన లెక్కనే పోసిన్రా మేడమ్?" అని ఒకతి అడిగింది. అవును, ఏ పాత్రతో పోశారో తెలియదు గానీ పోసే ఉంటారు.

ఇజ్రాయెల్‌లో ఐన్ మల్లాహా అనే చోట సుమారు 12,000 ఏళ్ల నాటి సమాధిలో ఒక వయసు మళ్లిన మనిషి ఎముకలు దొరికాయి. చెయ్యి ఒక కుక్కపిల్ల మీద ఆని ఉంది. మన దేశంలో కశ్మీర్ లోయలోని బుర్జహోం తవ్వకాల్లో నవీన శిలాయుగం నాటి కుక్కల సమాధులు బయటపడ్డాయి. కొన్ని విడిగా, కొన్ని మనుషులతో కలిపి. అక్కడే దొరికిన ఒక రాతి పలక మీద వేట బొమ్మ గీసి ఉంది. ఒకడు బల్లెంతో, ఒకడు బాణంతో ఒక దుప్పిని కొడుతున్నారు. పైన రెండు సూర్యులు, ఒక కుక్క. ఆస్ట్రేలియాలో ఆదివాసులు తమతో బతికిన డింగో కుక్కలను మనుషులను పూడ్చిన చోటే, అదే పద్ధతిలో పూడ్చిన ఆనవాళ్లు దొరికాయి.

అందుచేత వాచ్‌మన్ ఆ రోజు చేసింది మొండితనం కాదు. వేల ఏళ్ల నాటి మర్యాదను ఆయన నిలబెట్టాడు. మరిచిపోయింది మేమే.

రాతికెక్కిన కుక్కలు

మన దక్షిణాదిన కుక్కల పేర్లు శాసనాల్లో కూడా ఉన్నాయి. తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూర్‌లో పల్లవ మహేంద్రవర్మ కాలానికి, అంటే ఏడో శతాబ్దానికి చెందిన వీరగల్లు ఒకటి ఉంది. పశువుల దొంగలతో పోరాడి చనిపోయిన వీరుడి పక్కన కుక్క బొమ్మ చెక్కారు. దాని పేరు కోవివన్ అని, అది దొంగలను ఎదిరించి నిలబడిందని రాశారు.

ఇంకా వివరంగా ఉన్నది కర్ణాటకలోని ఆతకూరు శాసనం. ఇది మండ్య జిల్లాది. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు తక్కోలం యుద్ధంలో చోళులను ఓడించిన సందర్భంలో, క్రీ.శ. 949-50 నాటిది. ఆ యుద్ధంలో చోళ యువరాజు రాజాదిత్యుడు చనిపోయాడు. రాజు పక్షాన పోరాడిన గంగ బూతుగుడి అనుచరుడు మనలేరుడు పరాక్రమం చూపితే, ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. ఊళ్లు అడగవచ్చు, బంగారం అడగవచ్చు. మనలేరుడు కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కాళి తర్వాత ఒక పెద్ద అడవిపందితో తలపడింది. పంది చచ్చింది, కాళీ చచ్చింది. చల్లేశ్వరాలయం ముందు రాయి నాటించి, ఆ రాయి పూజకు భూమి ఇచ్చారు. పూజ మానినవాడికి పాపం తగులుతుందనీ రాయించారు. రాయి మీద కుక్క, పంది కలబడుతున్న బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రాయి బెంగళూరు మ్యూజియంలో ఉంది.

కావ్యాలకు వస్తే, మహాభారతం కథ మొదట్లోనే సరమ అనే దేవశుని వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్లు తన కూనను ఊరికే కొట్టారని యాగశాలకు వచ్చి నిలదీస్తుంది. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట మిగిలింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలిపెట్టి స్వర్గానికి రానని ఆయన ఇంద్రుడితో అంటాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఈ పర్వమూ ఉంది. చివరికి ఆ కుక్క యమధర్మరాజేనని తేలుతుంది. మా పిల్లలకు ఆ ముగింపు అంతగా నచ్చలేదు. "కుక్క కుక్కనే అయితే బాగుండు" అన్నది ఒకతి. మాకూ అదే అనిపించింది. దేవుడైతేనే దాన్ని వదలకూడదా?

చరిత్ర చదివేటప్పుడు ఒక జాగ్రత్త కూడా చెప్పాం. రాయి ఉన్న ప్రతి కథా జరిగిన కథ కాదు. రాయగడ్ కోటలో శివాజీ సమాధి దగ్గర వాఘ్యా అనే కుక్క విగ్రహం ఉంది. యజమాని చితిలో దూకిందని కథ. విగ్రహం పెట్టింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో. శివాజీ కాలం నాటి పత్రాల్లో ఆ కుక్క ప్రస్తావన లేదని చరిత్రకారులు అంటారు. ఆతకూరు రాయి ఆ కాలంలోనే పుట్టింది. ఆధారానికీ నమ్మకానికీ తేడా అక్కడ చూపించాం.

రాయి లేని కుక్కలు

రాళ్లున్న కుక్కలన్నీ రాజులవో, రాజుల మనుషులవో, ఊరి పశువులను కాచినవో. మరి మన కుక్కలు?

నల్లమలలో చెంచుల బతుకు గురించి వివరంగా రాసిన మొదటి పుస్తకాల్లో హైమన్‌డార్ఫ్ రాసినది ముఖ్యం. ఆయన 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో పెంటపెంటకూ తిరిగాడు, 1943లో పుస్తకం అచ్చయింది. విల్లు, బాణం, తవ్వుకునే కర్ర, తేనె తీసే తాళ్లు, వేటకు ముందు గారెల మైసమ్మకు మొక్కడం అన్నీ రాశాడు. వేటకు వెంట నడిచే కుక్కలనూ చూశాడు. శ్రీశైలం గుడి ప్రాకారం మీద వేట దృశ్యాలు చెక్కి ఉన్నాయి. మల్లన్నకూ చెంచు పిల్లకూ పెళ్లి చేసిన కథ మన కొండంతటా ఉంది. కానీ ఫలానా పెంటలో ఫలానా కుక్క ఉండేదని, దాని పేరు ఇదని రాసిన పుస్తకం మాకు కనిపించలేదు.

కుక్క పోతే వేటకుటుంబం ఏం పోగొట్టుకుంటుందో అండమాన్ దీవుల చరిత్ర చూస్తే అర్థమవుతుంది. అక్కడి ఆదివాసులకు మొదట కుక్కలే లేవు. 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టాక కుక్కలు వచ్చాయి. గ్రేట్ అండమానీలు, ఓంగేలు వాటిని వెంటనే చేరదీశారు. అడవిపందిని పట్టే పద్ధతే మారిపోయింది. ఒక జంతువు వస్తే ఒక జాతి బతుకు తీరే మారింది. అలాంటిది, మొదటి నుంచీ కుక్కతోనే బతికిన ఇంట్లో ముసలి కుక్క చనిపోతే అది కాలక్షేపానికి పెంచుకున్న జంతువు పోవడం కాదు. గడ్డలు తవ్వడానికి పోయిన తల్లికి ఎలుగుబంటి అలికిడి ముందుగా చెప్పే చెవులు పోవడం.

మేము లంబాడా తండాలో పుట్టినవాళ్లం. మా తండాల్లోనూ కుక్కకు చోటుంది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన రోజుల్లో రాత్రిపూట బిడారుకు కాపలా కుక్కలే. మా వాళ్ల కథ ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో గుడిగా నిలిచి ఉంది. బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ గుడి. ఒక బంజారా అప్పు తీర్చలేక తన కుక్కను షావుకారు దగ్గర కుదువ పెట్టాడట. షావుకారింట్లో దొంగలు పడితే ఆ కుక్క వెళ్లి సొత్తు దాచిన చోటు చూపించిందట. షావుకారు సంతోషించి, అప్పు తీరిందని చీటీ రాసి మెడలో కట్టి యజమాని దగ్గరికి పంపాడట. మాట తప్పి పారిపోయి వచ్చిందనుకుని బంజారా కోపంతో దాన్ని కొట్టి చంపాడట. ఆ తర్వాత మెడలో చీటీ చూశాడట. గుండె పగిలి అక్కడే సమాధి కట్టాడట.

ఇది జరిగిందని ఎవరూ రుజువు చేయలేరు. ఇలాంటి కథలు చాలాచోట్ల ఉన్నాయి. కానీ తండాలో మా నాయనమ్మ ఈ తీరు కథే చెబుతుంటే చిన్నప్పుడు మేము ఆ కుక్క కోసం ఏడ్చాం. ఇప్పుడు ఆ బంజారా కోసం ఏడుస్తున్నాం. సంతలో దింపి రమ్మన్న రోజు మేము కూడా చీటీ చదవలేదు కదా.

భయం కూడా చరిత్రలో భాగమే

కుక్క మీద ప్రేమ గురించి మాత్రమే రాస్తే అది సగం చరిత్ర. మన గూడేల్లో, తండాల్లో పిచ్చికుక్క కాటుకు పోయిన పిల్లలున్నారు. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు అంతా కుక్క కాటు నుంచే వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి ఒక పిల్లవాడికి టీకా ఇచ్చాడు. మన దేశంలో కసౌలీలో 1900లో, కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు ఏర్పడ్డాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన నాడీకణజాల టీకా దశాబ్దాలపాటు నడిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని మన పెద్దలు భయపడేది దాని గురించే. 2000ల నడిమికి వచ్చేసరికి దాన్ని మానేశారు. ఇప్పుడు చేతి మీదే వేస్తారు, నొప్పీ తక్కువ.

ఇది చరిత్ర వ్యాసమే అయినా వార్డెన్‌గా ఒక్క మాట చెప్పకుండా ఉండలేం. కుక్క కరిస్తే, గోటితో గీరినా సరే, గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. మొత్తం మోతాదులు వేయించుకోవాలి. ఇంటి కుక్కకు ఏడాదికోసారి టీకా వేయించాలి. సుక్క మా దగ్గర నిలవగలిగింది ప్రేమ ఒక్కదానితో కాదు, బీరువాలోని ఆ టీకా కార్డుతో కూడా.

మన కర్నూలు సీమలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని ఆయన చెప్పుకున్న రెండో శాసనం ఆ బండల మీదా ఉంది. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఎన్నో పెంటలకు మనుషుల డాక్టరే నడిచి రావాలి. పశువుల డాక్టరు సంగతి చెప్పనక్కర్లేదు.

అడవి మారింది, కుక్క ఎక్కడికి పోవాలి

1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. పులిని కాపాడుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ వేట ఆగిన రోజు నుంచి వేటకుక్కకు పేరు పోయింది. అది ఉత్త కుక్క అయింది. పైగా అడవికి ప్రమాదం అయింది.

ఆ ప్రమాదం అబద్ధం కాదు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్ కనిపించింది. ఓబర్‌కాసెల్ కూనను, సుక్క కూనలను పట్టిన జబ్బే అది. ఊరి కుక్కల నుంచి అడవి జంతువులకు అంటుతుంది. అందుకే అభయారణ్యాల అంచున కుక్కలకు టీకాలు వేయాలంటారు. మేము అడిగేది కూడా అదే. కుక్కను వెళ్లగొట్టే ముందు దానికి టీకా వేయండి. పెంటలో మనిషి బతికినంతకాలం కుక్క ఉంటుంది.

ఇంకొక వీడ్కోలు గురించి ఎవరూ రాయలేదు. పెంటలు ఖాళీ చేసి రోడ్డు పక్క కాలనీలకు వచ్చిన కుటుంబాలను మేము చూశాం. సామాన్ల జాబితాలో మంచం, కుండలు, మేకలు ఉంటాయి. కుక్క ఉండదు. కొన్ని బండి వెనక పరుగెత్తి వచ్చాయి. కొన్ని రాలేదు. మా దగ్గర చదివిన ఒక పిల్ల చెప్పింది, వాళ్ల ముసలి కుక్క కొత్త ఇంటికి వచ్చి కూడా రోజూ సాయంత్రం పాత పెంట దారిలో కొంతదూరం పోయి కూర్చునేదట. వాళ్ల తాత కూడా అలాగే పోయి కూర్చునేవాడట. ఇద్దరూ ఒకే ఏడాది పోయారట.

2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కజాతుల మీద స్టాంపులు వేసింది. ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్కలు, హిమాలయ గొర్రెల కుక్క. మంచిదే. అవి రాజులు, జమీందారులు, కాపరులు పెంచినవి. పెంట కుక్కకు జాతి పేరే లేదు, స్టాంపు ఎవరు వేస్తారు?

సాగనంపడం

ఆ రోజు సుక్కను వసతిగృహం వెనక చింతచెట్టు అవతల పూడ్చాం. వాచ్‌మన్ గుంత తవ్వాడు. పెద్దపిల్లలు మట్టి ఎత్తారు. వంటమ్మ ఒక గుడ్డు ఉడకబెట్టి తెచ్చి దాని పక్కన పెట్టింది. గుడ్ల రోజున సుక్క వంటగది గడప దగ్గర కూర్చునేదని మాకు అప్పుడే గుర్తొచ్చింది. పట్నంలో నర్సింగ్ చదువుతున్న ఆ పిల్లకు ఫోన్ చేశాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎడమ పక్కకు పండబెట్టుండ్రి మేడమ్, కుడి పక్క పండుకోదది" అంది. అలాగే పడుకోబెట్టాం.

పిల్లలు ఒక రాయి పెట్టి పేరు చెక్కిద్దామన్నారు. అప్పటికి ఆతకూరు సంగతి మాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. వాచ్‌మన్ తల ఊపాడు. "మనకాడ రాయి మీద రాసుడు లేదు బిడ్డా. నోట్ల పేరుంటే సాలు" అన్నాడు. నక్కలు తవ్వకుండా మాత్రం నాలుగు పెద్ద రాళ్లు దొర్లించి పైన పేర్చాడు.

ఆ మాట మాలో ఉండిపోయింది. సంక్రాంతి సెలవులకు పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, వాళ్ల చిన్నప్పటి కుక్క పేరేంటి, ఏ పని చేసేది, ఎలా పోయింది, ఎక్కడ పూడ్చారు అని రాసుకు రమ్మన్నాం. సెలవుల తర్వాత నలభైకి పైగా కాగితాలు వచ్చాయి. కొన్నిట్లో రెండే వాక్యాలు. కొన్నిట్లో రెండు పేజీలు. ఒక తాత తన కుక్క పేరు చెప్పి ఇంకేం చెప్పలేక లేచి వెళ్లిపోయాడని ఒక పిల్ల రాసింది. ఆ కాగితమూ దాచాం. ఒక అవ్వ మాత్రం, "కుక్కల గురించి ఇన్నేండ్లకు అడిగిన్రా, మా గురించి కూడ అడుగుండ్రి" అందట. అడగడం మొదలుపెట్టాం.

మన సంఘం సభ్యులకూ, ఈ సంచిక చదివే అందరికీ మా విన్నపం ఇదే. మీ ఇళ్లలో పెద్దలుండగానే మీ కుక్కల పేర్లు అడగండి. రాసి పంపండి. ఎక్కడ వేటాడారు, ఏ దారిన నడిచారు, ఏ వాగు పక్కన గడ్డలు తవ్వారు, ఏ పెంట ఎప్పుడు ఖాళీ అయింది, ఇవన్నీ ఆ పేర్ల వెంటే వస్తాయి. మనల్ని గురించి వేరేవాళ్లు రాసిన పుస్తకాల్లో అవి లేవు.

మాకు వచ్చిన పేర్లలో కొన్ని ఇవి: పులి, బుడ్డోడు, కర్రెమ్మ, ఎర్రోడు, మల్లి, రాజు, సివంగి, గంగ, బొల్లి, ఇంకో పులి, మోతి, లచ్చి. వీటి పక్కన మాది కూడా రాసుకుంటున్నాం: సుక్క.